శిలాజ గెలాక్సీ సమూహాలు: పేరు చూసి వయసు చెప్పొచ్చా?

పాతకాలపు మండువా లోగిలిలో ఒక్క పెద్దాయనే కనిపిస్తే, ఒకప్పుడు ఆ ఇంటినిండా జనం ఉండేవారని ఎవరైనా ఊహిస్తారు. మనుషులు తగ్గినా ఇల్లు చిన్నదైపోదు కదా! ఆకాశంలోనూ అలాంటి ఇళ్లున్నాయి. ఖగోళ శాస్త్రవేత్తలు వాటికి ‘శిలాజ గెలాక్సీ సమూహాలు’ అని పేరు పెట్టారు.

1994లో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన ట్రెవర్ పాన్‌మన్, సహచరులు ఇలాంటి దాన్ని తొలిసారి వర్ణించారు. మామూలు దుర్భిణికి అక్కడ కనిపించేది దాదాపు ఒంటరిగా ఉన్న ఓ భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీ. కానీ రోశాట్ ఉపగ్రహం పట్టిన ఎక్స్-కిరణాల్లో దాని చుట్టూ లక్షల డిగ్రీల వేడి వాయువు విస్తరించి ఉంది. ఒక్క గెలాక్సీకి అంత వాయువు ఉండదు. అది మొత్తం సమూహానికి సరిపోయే పరిమాణం. మరి మిగతా గెలాక్సీలేవి?

పెద్దది మింగేసింది. గెలాక్సీలు కృష్ణపదార్థం గుండా కదులుతున్నప్పుడు వాటి వెనుక ఆ పదార్థం పోగుపడుతుంది. దాని గురుత్వాకర్షణ వాటిని వెనక్కి లాగుతుంది. గెలాక్సీ ఎంత బరువైతే ఈ లాగుడు అంత ఎక్కువ. అందుకే పెద్దవి త్వరగా వేగం కోల్పోయి, వందల కోట్ల ఏళ్లలో కేంద్రంలో కలిసిపోతాయి. చిన్నవి మిగులుతాయి. పలచని వేడి వాయువు మాత్రం అంత తొందరగా చల్లారదు, అలాగే ఉండిపోతుంది.

ఎక్స్-కిరణాల ప్రకాశంతో పాటు ఒక కొలతనూ 2003లో ఖరారు చేశారు: సమూహం మధ్యభాగంలో మొదటి, రెండో గెలాక్సీల మధ్య కనీసం 2 మాగ్నిట్యూడ్ల తేడా ఉండాలి. అంటే మొదటిది ఆరు రెట్లకు పైగా వెలగాలి. చిక్కంతా ఇక్కడే. ఆ తేడా కనిపించగానే ‘ఇది పురాతనం, ఇక మార్పు లేనిది’ అని రాసేయడం సరికాదు. రాతిలో శిలాజం మళ్లీ ప్రాణం పోసుకోదు. ఈ సమూహాలు అలా కాదు. బయటి నుంచి ఒక మంచి వెలుగున్న గెలాక్సీ వచ్చి చేరితే చాలు, ‘శిలాజం’ హోదా పోతుంది. పండక్కి చుట్టాలొచ్చినంత మాత్రాన లోగిలి కొత్తదైపోతుందా?

మిలీనియం అనే కంప్యూటర్ అనుకరణ ఆధారంగా 2010లో వెలువడిన అధ్యయనం ఈ సంగతే చూపింది. దాదాపు 400 కోట్ల ఏళ్లలో ఇలాంటి సమూహాల్లో అత్యధికం ఆ హోదా పోగొట్టుకుంటాయి. రెండోదానితో కాక, నాలుగో గెలాక్సీతో పోల్చి 2.5 మాగ్నిట్యూడ్ల తేడా చూస్తే, ముందే రూపుకట్టిన సమూహాలు ఎక్కువగా దొరుకుతాయని కూడా తేలింది. తర్వాతి కాలంలో పుణెలోని ఐయూకా సంచాలకుడిగా, ఢిల్లీ పొరుగున సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన సోమక్ రాయ్‌చౌధురి ఆ పరిశోధనలో భాగస్వామి.

కాబట్టి ఒక్క అంకెను నమ్ముకోవడం కంటే రెండు మూడు ఆనవాళ్లు కలిపి చూడటం మేలు. 2017లో హబీబ్ ఖొస్రొషాహి బృందం అదే చేసింది. వెలుగు తేడాతో పాటు, పెద్ద గెలాక్సీ సమూహం నడిమధ్యన ఉందా లేదా అన్నదీ లెక్కలోకి తీసుకుంది. పుణె సమీపంలోని జీఎంఆర్‌టీ రేడియో దుర్భిణి సమాచారాన్నీ వాడుకుంది. కుదురుగా ఉన్న సమూహాల్లోని పెద్ద గెలాక్సీలు, అంతే నక్షత్ర ద్రవ్యరాశి ఉండి ఇంకా కుదురుకోని సమూహాల్లో ఉన్నవాటితో పోలిస్తే, రేడియో తరంగాల్లో దాదాపు పదో వంతే వెలుగుతున్నాయి. కొత్తగా మింగేందుకు ఏమీ దొరక్క, వాటి నడుమ ఉన్న కృష్ణబిలాలు నెమ్మదించాయని ఒక వివరణ.