సేవకుల పట్టీలో వారి పేర్లు లేవేమి?

డిసెంబరు 3వ తేదీ అంతర్జాతీయ వికలాంగుల దినము. 5వ తేదీ స్వచ్ఛంద సేవకుల దినము. రెండును ఐక్యరాజ్యసమితి నిర్ణయించినవే. మొదటినాడు పండ్లు పంచుదురు. మూడవనాడు, పంచినవారికి శాలువలు కప్పుదురు. పండు పుచ్చుకొన్న మనిషే శాలువ కప్పించుకొనుట ఎక్కడనో తప్ప కానరాదు.

తిరుమణి, వై.ఎన్. హొసకోట, పావగడ ప్రాంతముల నేత కుటుంబములకు ఇది పరాయి మాట కాదు. ఈ తాలూకాలో భూగర్భజలమునకు ఫ్లోరైడు పీడ ఉన్నది. అట్టి నీరు ఏండ్ల తరబడి త్రాగిన నడుములు వంగును, మోకాళ్ళు బిగియును. గుంటమగ్గములో కాలు ఆడించలేని మనిషిని మన ఇండ్లలో పనికిరాడని త్రోసివేసితిమా? కండెలు చుట్టించితిమి, పడుగు అతికించితిమి. చూపు తగ్గిన అవ్వ వ్రేళ్ళతో తడిమి తెగిన పోగు పట్టుకొనును. ఒక చీరెకు ఎందరి చేతులు కావలెనో మనకు మరొకరు చెప్పనక్కరలేదు.

రెండు దినముల కంటి వైద్యశిబిరము వచ్చినపుడు గాని, పావగడ శనిమహాత్ముని గుడికి వచ్చు జనమునకు మజ్జిగ పోయునపుడు గాని ఈ తెలివి మనకు తోడు రాదు. “గట్టి కుర్రవాళ్ళు పదిమంది కావలెను” అని కేక వేసి ఊరకుందుము.

“పాపము, వారికెందుకీ శ్రమ?” అందురు. శ్రమయో కాదో ఆ మనిషిని అడిగితిమా? గంగాళములు మోయుట, నిచ్చెన లెక్కుట అందరివల్ల కాదు, నిజమే. పేర్లు వ్రాయుట, చీటీలిచ్చుట, కంటి ఆపరేషనుకు భయపడు ముసలివారి ప్రక్కన కూర్చుండి మాటాడుట, ఇవన్నియు కూర్చుండి చేయు పనులే. శుక్లము తీయించుకొని చూపు తెచ్చుకొన్నవాడు చెప్పిన ధైర్యము ముందు మన ఉపన్యాస మెంత?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించినది. ఉద్యోగపు రిజర్వేషనుకు 40 శాతము వైకల్యమున్నట్లు సర్టిఫికేటు కావలెను. మజ్జిగ పోయుటకు ఎందుకు? సంఘము వారు దాని నడుగకుండుట మంచిది. “మీకేమి వీలు చేయవలెను?” అని అడిగిన చాలును.

ఖర్చు మాటయు చెప్పుకొందము. ఒక కుర్చీ, తోడు వచ్చినవారికి బస్సు చార్జీ, పూటపూటకు మనిషి మారు ఏర్పాటు, మెట్టు మీద వాలుగా ఒక పలక. తిరుమణి చుట్టు రమారమి 13,000 ఎకరములలో సౌరవిద్యుత్తు పలకలు పరచిరి. మనము ఒక్క కొయ్య పలక వేయలేమా? మరుగుదొడ్డి సంగతి ఎవరును నోరెత్తరు. ఆడవారు అనేకులు దీనికి జంకియే రాకపోవచ్చును. శిబిరపు స్థలము నిర్ణయించుటకు ముందే అది చూచుకొనవలెను.

ఒకటి మాత్రము వలదు. వారిని ముందు నిలిపి ఫోటో తీయించి, పని వేరొకరిచేత చేయించుట.

ఇందులో మరొక చిక్కు కలదు. ముప్పది ఏండ్లు కండెలు చుట్టిన చెల్లెలికి సంఘములో పేరు లేక, సభ్యత్వము అన్నగారి పేరనే యుండు ఇండ్లు మనకు తెలియనివి కావు. రెండు దినములు నలుగురి నడుమ పనిచేసిన ఆ చెల్లెలు మరునాడు తన పేరు అడుగును. కొందరు పెద్దలకు జంకు అక్కడనే యున్నదని నా అనుమానము. అడుగనిండు.

ఆగస్టు 7 చేనేత దినోత్సవము 2015 నుండి జరుగుచున్నది. రాబోవు దినోత్సవమునకు సేవకులను పిలుచు నోటీసులో ఏ పని, ఎన్ని గంటలు, ఎన్ని మెట్లు, కూర్చుండు వసతి కలదా అను నాలుగు సంగతులు వ్రాయవలెను. మన పిల్లలకు ఇంట తెలుగు, బడిలో కన్నడము. వినికిడి లేనివారు చదువుకొనుటకు రెండు లిపులలోను వేయవలెను. చూపు లేనివారి ఇంటికి ఒకరు పోయి చదివి వినిపించవలెను. అక్షరములు కాస్త పెద్దవిగా నుండిన, మగ్గము మీద కండ్లు అరిగిన పెద్దలును చదువుకొందురు.