బెయిలు షరతు ఎంత దూరం పోవాలి?

బెంగళూరు కాటన్‌పేట పోలీస్ స్టేషన్‌లో 2020 సెప్టెంబరులో నమోదైన మాదకద్రవ్యాల కేసు నెలల తరబడి టీవీల్లో నలిగింది. అందులో నిందితురాలైన నటి రాగిణి ద్వివేదికి సుప్రీంకోర్టు 2021 జనవరిలో బెయిలిచ్చింది. ఆమె మీద కేసును కర్ణాటక హైకోర్టు కొట్టేసింది 2025లో. మధ్యలో నాలుగేళ్లు. మన దగ్గర కేసులు నడిచే తీరు ఇది. గడువు చెప్పకుండా పెట్టిన బెయిలు షరతు కూడా అన్నేళ్లూ మనిషిని పట్టుకునే ఉంటుంది. అందుకే బెయిలు ఉత్తర్వులో ‘ఇంటర్నెట్ వాడరాదు’ అనే ఒక్క ముక్క నన్ను భయపెడుతుంది.

అమెరికాలో శిక్ష పడినవాళ్లలో కొందరిపై విడుదలయ్యాక కూడా ఏళ్లపాటు నిఘా, ఇలాంటి నిషేధాలు ఉంటాయి. హ్యాకర్ కెవిన్ మిట్నిక్‌ను 2000 జనవరిలో వదిలి, మరో మూడేళ్లు ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచారు. ఆయన శిక్ష పడినవాడు. ఇక్కడ ఇలాంటి నిషేధాలు నేరం ఇంకా రుజువుకాని వాళ్ల బెయిలు ఉత్తర్వుల్లో కనిపిస్తున్నాయి. ముఖ్యమంత్రిపై వ్యాఖ్యలు చేశాడన్న కేసులో 2020లో అలహాబాద్ హైకోర్టు ఒకరిని రెండేళ్లపాటు సోషల్ మీడియా వాడొద్దంది.

కాటన్‌పేటలో హోల్‌సేల్ కొట్టు గుమాస్తాకు అలాంటి షరతు పెడితే ఏమవుతుందో ఆలోచించండి. హిందూపురం నుంచి ఆర్డరొచ్చేది వాట్సాప్‌లో. డబ్బు పడేది యూపీఐలో. ఆధార్‌తో చేసే చాలా పనులూ ఆన్‌లైన్‌లోనే. ఆఖరికి తన కేసు వాయిదా ఎప్పుడో చూసుకునేదీ ఈ-కోర్ట్స్ యాప్‌లో! ఇంటర్నెట్ ఆపేస్తే అతను పనిలోంచి పోతాడు. పని పోయినవాడు వకీలుకు ఫీజు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

అట్లాగని ఏ కట్టడీ వద్దనడం లేదు. ఒకమ్మాయి ఫొటోలు మార్చి నెట్‌లో పెట్టినవాడు బయటికొచ్చి మళ్లీ మెసేజ్‌లు పంపితే ఆమెకు దిక్కెవరు? అతను ఏ నంబరు నుంచైనా, ఎవరి ద్వారానైనా ఆమె జోలికి పోరాదని గట్టిగా రాయాల్సిందే, తప్పితే ఆ రోజే బెయిలు రద్దు చేయాల్సిందే. ఈ షరతు ఆమెను కాపాడుతుంది. అతను యూపీఐ వాడకుండా ఆపితే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

సుప్రీంకోర్టు ఈ తేడాను రెండుసార్లు చూపించింది. బెంగళూరులో ఉండే పాత్రికేయుడు మహమ్మద్ జుబేర్‌ను ట్వీట్లు చేయకుండా ఆపాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం అడిగితే 2022 జులైలో కాదంది. మరో కేసులో, నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో తానెక్కడున్నాడో దర్యాప్తు అధికారికి ఎప్పుడూ కనపడేలా పెట్టాలన్న షరతును 2024 జులైలో జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ కొట్టేశారు. బెయిలు మీద ఉన్నవాడికీ గోప్యత హక్కుందన్నారు. ఆ మాట ఇంకా మేజిస్ట్రేటు కోర్టు గుమ్మం దాకా రావాలి.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్ న్యాయం కోసం అవసరమైన ఇతర షరతులు పెట్టే వీలిస్తోంది. ఆ వీలును వాడేటప్పుడు ఏ ఖాతా, ఏ మనిషి, ఎన్ని నెలలు అన్నది ఉత్తర్వులోనే ఉండాలి. గడువు పొడిగించాలంటే ఎందుకో పోలీసులే కోర్టుకొచ్చి చెప్పుకోవాలి.