ప్రోటీను బారులో బలమెంత?

మార్కాపురం, గిద్దలూరు పట్టణాల మందుల షాపుల్లోను, పెద్ద కొట్లలోను ప్రోటీను బార్లు అమ్ముతున్నారు. బారు అంటే మందు బారు కాదు, తినే పట్టీ. కండలు తిరిగిన కుర్రవాడి బొమ్మ, "ప్రోటీన్ 10 గ్రాములు" అన్న పెద్ద అక్షరాలు చూసి పిల్లలు మారాం చేస్తే, బలమే కదా అని తల్లులు కూలి డబ్బుల్లోంచి కొనిపెడుతున్నారు. అది నిజంగా బలమేనా?

జవాబు ప్యాకెట్ ముందు వైపు లేదు, వెనుక ఉంది. ఏ పదార్థం ఎక్కువ బరువుంటే దాని పేరు ముందుగా వేయాలన్నది నిబంధన. మొదటి రెండు మూడు పేర్లలోనే చక్కెర, గ్లూకోజు పాకం, పామాయిలు కనిపిస్తే అది మిఠాయి కిందే లెక్క. చక్కెర రకరకాల పేర్లతో నాలుగు చోట్ల సర్దుకోవడం కూడా కద్దు. లిక్విడ్ గ్లూకోజ్ ఒకచోట, ఇన్వర్ట్ సిరప్ మరొకచోట. అలా విడగొడితే ఒక్కొక్కటి జాబితాలో కిందికి దిగిపోతుంది. కనుక "యాడెడ్ షుగర్" ఎన్ని గ్రాములో చూడాలి. ఆ అంకె ప్రోటీను అంకెను మించితే ఆ బారును కొట్లోనే వదిలేయడం మేలు. చక్కెర తక్కువగా, గింజలతో చేసినవి లేకపోలేదు గాని వాటి ధర కూలివాడికి అందేది కాదు.

అంత ధర పెట్టవలసిన పని కూడా లేదు. 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల మాంసకృత్తులు చాలునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. ఆ బారులోని 10 గ్రాములు 40 గ్రాముల వేరుసెనగ గింజల్లోనూ ఉన్నాయి. ఒక గుడ్డులో 6 గ్రాములు. మన మెట్ట చేలల్లో పండే కంది, పప్పుగా మారితే 100 గ్రాములకు 20 గ్రాములకు పైనే ఇస్తుంది. అయితే వేరుసెనగ చెక్కీలో బెల్లం పాలు ఎక్కువ. బెల్లమూ చక్కెర జాతిదే కనుక అదీ మితంగానే తినాలి.

"ఆరోగ్యం" అన్న మాట ఎంత తేలికగా వాడుకున్నారో 2024 ఏప్రిల్‌లో బయటపడింది. ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అన్న నిర్వచనమే లేదని, బోర్న్‌వీటా వంటి పానీయాలను ఆ పేరు కింద చూపరాదని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. అప్పటికి మన ఇళ్లలో ఎన్ని డబ్బాలు ఖాళీ అయ్యాయో!

అసలు చిక్కు భాషతో వచ్చింది. వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చట్టానికి చాలు. తెలుగు కూడా వేయవచ్చు, వేయకపోయినా అడిగేవారు లేరు. మార్కాపురం పలకల మీద దేశంలో ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. ఇక్కడి తల్లికి మాత్రం తాను కొన్న తిండిలో ఏముందో చదువుకునే వీలు లేకపోవడం విచారకరం. తెలుగునాట అమ్మే సరుకుపై పదార్థాల జాబితా, చక్కెర లెక్క తెలుగులోనూ ఉండాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని కోరాలి. అందాకా, బారు కావాలని మారాం చేసే పిల్లవాడి చేతనే వెనుక వైపు చదివించి, ఆ తరువాతే డబ్బులు తీయండి.