వేళ్ల కొసన చూపు

పుత్తూరు అనగానే జనానికి గుర్తొచ్చేది ఎముకల కట్టు. వాచిన చోటు వేళ్లతో తడిమి, ఎముక ఎటు జరిగిందో పట్టుకునే పనితనం. స్పర్శను ఇంతగా నమ్మిన ఊళ్లో ఈ సంచిక చూపు తగ్గినవారి గురించి రావడం సబబే.

జేబులో నోటుంటే తీసి, కళ్లు మూసుకుని అంచు తడమండి. కొత్త వందకు ఉబ్బెత్తు ఏటవాలు గీతలు నాలుగు, ఐదువందలకు ఐదు. రెండువందలకు నాలుగు గీతల నడుమ రెండు చిన్న సున్నాలు. బాగా నలిగిందా, గీతలు వేలికి చిక్కవు. అప్పుడు పొడవు కొలుచుకోవాల్సిందే.

చూపు పోతే చెవులకూ వేళ్లకూ వరమేదో దక్కుతుందంటారు. వరం కాదు, సాధన! చిన్ననాడే చూపు పోయినవారు బ్రెయిలీ చదువుతుంటే మెదడులో చూపుకు సంబంధించిన భాగమే పనిచేస్తోందని 1996లో ‘నేచర్’ పత్రిక ప్రచురించింది.

చూపు మందగించి చదువు ఆగిన ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పట్టి, 1936లో విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

లోపలి పేజీల్లో తెల్లకర్ర చప్పుడుంది, ఆరు చుక్కల అక్షరాలున్నాయి, పోపు చిటపటను బట్టి మంట తగ్గించే వంటిల్లూ ఉంది.