ఎక్కడ నిలబడి అడుగుతున్నారు?

"బడి దాటాక రెండో సందు, ఎడమచేతికి మూడో ఇల్లు." చండ్రుగొండలో మా ఇంటికి దారి అడిగితే నేనిలాగే చెబుతాను. బస్సు దిగినవారికి అది చక్కని దారే. కాని మొన్న కనకగిరి గుట్టల వైపునుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అదే మాట పట్టుకొని, ఎవరింటి తలుపో తట్టి, వారిచ్చిన కాఫీ కూడా తాగి మరీ వచ్చారు. తప్పు నాదే. ఎటునుంచి లెక్కపెట్టాలో చెప్పలేదు.

ఆ వారమే కంప్యూటరు నాకు అదే పాఠం చెప్పింది. టెర్మినల్ అనే నల్లతెర మీద ఆజ్ఞలు కొట్టడం మా మేనల్లుడు నేర్పాడు. లెక్కల ఫోల్డరులో 'పాతవి' చెరిపెయ్యమని కాగితం మీద రాసిచ్చాడు. అక్షరం పొల్లుపోకుండా కొట్టాను. అయితే అప్పుడు నేనున్నది ఫొటోల ఫోల్డరులో. అక్కడా ఒక 'పాతవి' వుంది! నాన్నగారి నాటి ఫొటోలు, వాటిలో ఎవరెవరో అమ్మ చెప్పగా రాసుకున్న పేర్లు, క్షణంలో మాయం. అలా చెరిపినవి చెత్తబుట్టలోకైనా వెళ్లవట.

"ముందు పి.డబ్ల్యు.డి. కొట్టలేదా మామయ్యా?" అన్నాడు ఫోనులో.

"రోడ్లవాళ్లకీ దీనికీ ఏమిట్రా సంబంధం?"

"మీరే ఫోల్డరులో వున్నారో చెప్పే ఆజ్ఞ అది."

అప్పుడు విడమరిచి చెప్పాడు. ఉత్త 'పాతవి' అంటే మనమున్న చోటి 'పాతవి'. ఒక చుక్క అంటే వున్నచోటు. రెండు చుక్కలంటే ఒక మెట్టు పైన. మొదట్లోనే ఏటవాలు గీత వుంటే మాత్రం మూలం నుంచి పూర్తి చిరునామా. ఆజ్ఞల చీటీ ఏ ఫోల్డరులో దాచినా సరే, లెక్క మాత్రం మనం నిలబడ్డ చోటు నుంచే.

"అయితే ఎప్పుడూ పూర్తి చిరునామాయే రాస్తే పోలేదూ?" అన్నాను.

"పై ఫోల్డరు పేరు మారిస్తే అదీ చెడుతుంది."

నిజమే. 2016 అక్టోబరులో మా చిరునామాలో ఖమ్మం జిల్లా పోయి భద్రాద్రి కొత్తగూడెం వచ్చింది. ఇల్లు అంగుళమైనా కదల్లేదు. రెండో సందు, మూడో ఇల్లు అలాగే వున్నాయి. దేని సుఖం దానిదే.

అసలు ఫొటోలు ట్రంకుపెట్టెలో వున్నాయి గనుక బతికిపోయాను. పేర్లకోసం మళ్లీ అమ్మ దగ్గర కూర్చున్నాను.

"నాన్నకి కుడిపక్కన ఎవరమ్మా?"

"ఎవరి కుడి? నీదా, ఆయనదా?" అంది.

ఇద్దరి పేర్లు మాత్రం ఈసారి ఆవిడకు గుర్తు రాలేదు. అందుకే చెబుతున్నాను: చెరిపేముందు, ఎక్కడున్నారో ఒక్కసారి అడిగి చూసుకోండి.