పెదవికట్టు మార్చవచ్చునా?

బాకా యనగానే మనకు ముఖస్తుతి స్ఫురించును. ఫలానావాడు ఫలానావానికి బాకా ఊదుచున్నాడనుట వాడుకలో నున్న మాట. నిజముగా ఊదువారి కష్టమును మాత్రము మనము విచారింపము. నేను సంగీతజ్ఞుడను గాను; తెలుగు పాఠము చెప్పుకొనువాడను. అయినను నా యెరుకలో జరిగిన యొక సంగతి ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

బాకా జాతిదైన ట్రంపెట్టునకు మీటలు మూడే. ఒక్క మీటయు నొక్కకయే పెక్కు స్వరములు పలికింపవచ్చును. వానిని వేరుచేయునవి పెదవులు. సెకండుకు 440 కంపనములు గల స్వరము కావలెనన్నచో పెదవులు అన్నిమారులు అదరవలెను. పెదవి తగులని అక్షరములే యేరి మన కవులు నిరోష్ఠ్య కావ్యములు వ్రాసిరి. ఇచట పెదవి లేనిదే నాదమే పుట్టదు. మౌత్‌పీసు పెదవులపై ఎచట ఆనవలెను, దవడ ఎంత ముందునకు రావలెను, పెదవుల కొసలు ఎంత బిగియవలెను అను ఈ కూర్పునకు ఫ్రెంచివారి పేరు ‘ఆంబుషూర్’. నేను పెదవికట్టు అందును. అది ఏండ్ల సాధనచే కండరముల కబ్బిన అలవాటు. ఊదునపుడు దానినిగూర్చి తలపోయ మొదలిడినవాడు ఊదలేడు.

నా విద్యార్థి యొకడు పెండ్లి బ్యాండుమేళము వారి పిల్లవాడు. పదియేండ్ల ప్రాయముననే తండ్రివద్ద నేర్చెను. ముందుపన్ను కొంచెము వంకర యగుటచే వాని మౌత్‌పీసు నడుమ గాక ఎడమప్రక్కకు ఒరగి యుండెడిది. క్రొత్తగా వచ్చిన శిక్షకుడొకడు పుస్తకములోని బొమ్మ చూపి నడుమకు మార్చుమనెను. గణతంత్రదినోత్సవమునకు ఆరువారములే గడువు. రెండు వారములలో పైస్థాయి పోయినది. పాతకట్టునకు మరలబోగా అదియు నిలువలేదు. పోయిన స్వరమును బలముచే రాబట్టవలెనని మౌత్‌పీసును అదుముకొనగా పెదవి లోపల పుండుపడినది. కవాతు తప్పినది, అది పోనిండు. మాఘ ఫాల్గుణములలో పెండ్లిళ్ల కూలి పోయినది. ఆ యింట అది తిండి.

అట్లని మార్పు ఎన్నడును కూడదని నేననను. చికాగో సింఫనీలో 1948 నుండి ప్రధాన ట్రంపెట్టు వాదకుడైన అడాల్ఫ్ హెర్సెత్, 1952లో కారు ప్రమాదమున పెదవియు పండ్లును దెబ్బతినగా తిరిగి సాధించి, 2001 వరకు ఆ స్థానముననే యుండెను. చెట్ బేకర్ 1966లో దుండగుల దెబ్బలకు లోనై, పిదప కట్టుడు పండ్లతో మరల నేర్చుకొనెను. వేదికపై నిలదొక్కుకొనుసరికి ఏండ్లు గడచినవి. వీరికి వేరు దారి లేదు. మార్చకుండుటయు ఒక్కొక్కప్పుడు ముప్పే. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పెదవి ఒత్తిడికి చితికి, 1930లలో ఆయన కొన్ని నెలలు వాద్యము ముట్టక యుండవలసి వచ్చెను. పెదవి చుట్టునుండు కండరము చీలుటకు 1982లో వైద్యులు ఆయన ముద్దుపేరిటనే ‘సాచ్‌మో సిండ్రోమ్’ అని పేరిడిరి. కావున నొప్పి కారణము, గాయము కారణము. బొమ్మతో పోలకుండుట కారణము కాదు. బుగ్గలు పొంగించి ఊదరాదని శిక్షకులు చెప్పుదురు. డిజ్జీ గిలెస్పీ బుగ్గలు కప్పబుగ్గలవలె పొంగెడివి! (ఆయనను చూచి మన పిల్లలు పొంగింపనక్కరలేదు.)

ఉపాధ్యాయ మిత్రులారా, కట్టు మార్పింపదలచినచో ముందు పిల్లవానిచేత ఊదించి, కన్నులు మూసికొని వినుడు. నాదము బాగున్నచో చేయి పెట్టకుడు. మార్చక తప్పదన్నచో కవాతులు, కచేరీలు లేని కాలము చూచి, దినమునకు కొద్ది నిమిషములతో మొదలిడుడు. మేళగాండ్ర పిల్లలకు ఆషాఢము మేలు; ముహూర్తములుండవు. కాని యొక్క నెల చాలదు. మా పిల్లవాడు పాతకట్టునకే మరలెను; పైస్థాయి యింకను పూర్తిగా రాలేదు.