తొంభై డిగ్రీల కోసం

జర్మనీలో ఊరి పేరుకు ముందు ‘బాడ్’ అని ఉంటే అక్కడి నీళ్లకు ఏదో మహిమ ఉందని జనం నమ్మినట్టే లెక్క. బాడ్ అంటే స్నానం. బాడ్ క్రోట్సింగెన్, బాడ్ ఫ్యూసింగ్, బాడ్ నౌహైమ్... అన్నీ వేడినీటి ఊటలో, ఉప్పునీటి బుగ్గలో ఉన్న ఊళ్లు. ఒకప్పుడు దొరలూ దొరసానులూ ఒంటినొప్పులు పోగొట్టుకోడానికి బండ్లు కట్టుకుని వచ్చేవారు. ఇప్పుడు అలాంటి ఊళ్ల పార్కుల్లో రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని అడుగులో అడుగు వేసేవాళ్లు కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి మోకాలో తుంటో మార్చి ఉంటారు.

మోకీలు మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లలో చాలామంది అక్కడ తిన్నగా ఇంటికి వెళ్లి మంచమెక్కరు. ఆస్పత్రిలోనే సామాజిక సేవా విభాగం ఒకటుంటుంది. వాళ్లు దగ్గరుండి దరఖాస్తు పెట్టించి, డిశ్చార్జి అయిన రెండువారాల్లోపు పునరావాస కేంద్రంలో చేరేలా చూస్తారు. అక్కడ ఉండేది మామూలుగా మూడువారాలు. ఉద్యోగంలో ఉన్నవాళ్లకైతే చాలావరకూ పెన్షన్ బీమా సంస్థ భరిస్తుంది, రిటైరైనవాళ్లకు ఆరోగ్య బీమా. పేషెంటు చేతి నుంచి పడేది రోజుకు 10 యూరోలు, అదీ కొన్ని రోజులవరకే.

మోకాలికీ పెన్షన్‌కూ ఏమిటి సంబంధం? బిస్మార్క్ హయాంలో, 1889లోనే, వృద్ధాప్యానికీ వైకల్యానికీ బీమా చట్టం తెచ్చిన దేశమది. మంచాన పడ్డ మనిషికి నెలనెలా పెన్షన్ ఇవ్వడంకన్నా లేపి నడిపించి పనికి పంపడం చవక. అందుకే ‘పెన్షన్‌కన్నా ముందు పునరావాసం’ అన్నది అక్కడ విధానం. దయాదాక్షిణ్యాలకన్నా లెక్కలే గట్టివని ఒప్పుకోవాలి.

లెక్కలు ఇంట్లోవాళ్లకు అర్థం కావుగా! ముప్ఫయ్యేళ్ల కిందట గుంటూరు నుంచి వెళ్లి స్టట్‌గార్ట్‌లో స్థిరపడిన ఒకావిడకు అరవయ్యొకటో ఏట కుడి మోకాలు మార్చారు. అక్కడినుంచి కేంద్రానికి పంపుతున్నారని తెలిసి గుంటూరు నుంచి అక్కయ్య ఫోన్లోనే ఏడ్చింది. ‘‘మొగుడూ కొడుకూ ఉండి నిన్ను ఆశ్రమంలో వదిలేస్తారుటే? నేనే వచ్చి చేస్తానుగా’’ అంది. ఆవిడకూ లోపల అదే బాధ. పెట్టె సర్దుతున్న భర్తతో రెండురోజులు మాట్లాడలేదు.

కేంద్రంలో మొదటి పని కొలతలు. ప్లాస్టిక్ కోణమానిని మోకాలి పక్కన పెట్టి ఫిజియో మూడంకెలు రాసుకుంది: 0-5-70. కాలు పూర్తిగా చాపడానికి ఇంకా అయిదు డిగ్రీలు తక్కువ, వంగడం డెబ్భై దాకా. బల్లపరుపు నేలమీద నడవాలంటే సుమారు అరవై అయిదు డిగ్రీలు వంగితే సరిపోతుంది. మెట్లెక్కడానికీ, కుర్చీలోంచి లేవడానికీ తొంభై, ఆ పైన కావాలి. గొంతుక్కూర్చోవాలంటే నూటఇరవై దాటాలి. ఆవిడకు పెట్టిన మొదటి గురి తొంభై. అక్కడ భోజనాల బల్ల దగ్గర పరిచయాలు ఊరూ పేరుతో కాదు, డిగ్రీలతో మొదలవుతాయి. ‘‘మీకెంత?’’ ‘‘ఎనభై అయిదు.’’ పక్కవాడిది తొంభై అయిదని తెలిస్తే ఆ పూట బ్రెడ్డు సహించదు.

బ్రెడ్డంటే గుర్తొచ్చింది. సాయంత్రం ఆరయ్యేసరికి రాత్రి భోజనం పెట్టేస్తారు. అదీ చల్లగా. బ్రెడ్డు, వెన్న, జున్ను, దోసకాయ ముక్కలు. నూటపాతిక రకాల జున్ను ఉంటేనేం, ఆవకాయ బద్ద ఒక్కటి లేకపోయాక! ఆదివారం భర్త తెచ్చిన పులిహోర డబ్బాతో ఆయనతో మాటలు మళ్లీ కలిశాయి.

పొద్దున చేతిలో ఓ కాగితం పెడతారు, బడిపిల్లల టైంటేబుల్లాంటిది. ఎనిమిదింటికి ఫిజియో, తొమ్మిదింటికి సైకిలు, ఆ తర్వాత వాపు తగ్గడానికి మర్దన, ఐసు. గాయం మానాక నీళ్లకొలనులో నడక. మధ్యాహ్నం మెట్లు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషనైన కాలు ముందు. సాక్సు వేసుకోడానికీ, కారులో ఎక్కి దిగడానికీ కూడా పాఠాలున్నాయి. కింద పడ్డ కర్రను అందివ్వడానికి ఎవరూ పరిగెత్తి రారు. పక్కనే నిలబడి, ఎలా వంగి తీసుకోవాలో చెబుతారు. మొదటివారం ఆవిడకిది రాతిగుండెల వ్యవహారంలా తోచింది. రాత్రి గదిలో ఒంటరిగా ఏడ్చింది కూడా.

కానీ ఆ మొండితనం ఊరికే పెట్టుకున్నది కాదు. ఆపరేషన్‌తో అరిగిన కీలు పోతుంది గానీ, తొడ ముందుభాగంలోని కండరం బాగా నీరసిస్తుంది. మొదటి నెలలో దాని బలం సగానికిపైగా తగ్గిందని చెప్పిన అధ్యయనాలున్నాయి. కాలు కదపకపోతే లోపల మచ్చకణజాలం పెరిగి కీలు బిగుసుకుంటుంది. కాలిని దానంతటదే వంచి చాపే యంత్రాన్ని చాలా ఆస్పత్రుల్లో వాడారు. దానివల్ల పెద్ద తేడా లేదని తర్వాత తేలింది. కాలు యంత్రం కదిపితే కాదు, మనిషి కదపాలి. మనవాళ్లు ప్రేమగా మోకాలి కింద పెట్టే దిండు మరీ ప్రమాదం. హాయిగానే ఉంటుంది, కాలు మాత్రం వంకరగానే ఉండిపోతుంది. దిండు పెట్టాలనుకుంటే మడమ కింద పెట్టాలి.

మూడువారాలయ్యేసరికి 0-0-100తో ఆవిడ ఇంటికొచ్చింది.

అలాగని ఆ గొప్పంతా కొలనుదీ అద్దాల గదులదీ అనుకుంటే పొరపాటు. ఆస్ట్రేలియాలో మోకీలు మార్చిన 165 మందితో చేసిన పరీక్ష ఒకటి 2017లో అచ్చయింది. పది రోజులు కేంద్రంలో ఉంచి ఆ తర్వాత ఇంటి దగ్గర వ్యాయామం చేయించినవాళ్లూ, తిన్నగా ఇంటికెళ్లి పర్యవేక్షణలో అదే వ్యాయామం చేసినవాళ్లూ... ఆర్నెల్ల తర్వాత చూస్తే నడకలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పెద్ద చిక్కుల్లేని పేషెంటుకు ఇల్లయినా ఒకటే. కాకపోతే ఆ ఇంట్లో టైంటేబులుండాలి, ‘చేశావా’ అని అడిగే మనిషుండాలి.

మనదగ్గర తెగేది అక్కడే. 2017 ఆగస్టులో కేంద్రం మోకీలు పరికరాల ధరకు కళ్లెం వేసింది. కోబాల్ట్ క్రోమియం రకానికి పన్ను కాకుండా 54,720 రూపాయలని గరిష్ఠ ధర కట్టింది. ఎందరికో మేలు జరిగింది. కానీ కీలు వేయించుకోవడంతో పని అయిపోయిందనుకునే ఇళ్లే ఎక్కువ. ఆపరేషన్‌కు లక్షలు పెట్టిన కుటుంబమే ఫిజియో దగ్గరకొచ్చేసరికి ‘ఇంకెన్నాళ్లండీ’ అని బేరమాడుతుంది.

రెండేళ్లకు గుంటూరు అక్కయ్యకూ ఎడమ మోకాలు మార్చారు. ఇంటినిండా మనుషులు. కోడలు మంచినీళ్లు మంచం దగ్గరకే తెచ్చేది, మనవడు చెప్పులు తొడిగేవాడు. ఫిజియో వారానికి మూడుసార్లు వచ్చేవాడు. రెండోసారికే ఆవిడ ‘‘ఇవాళ నొప్పిగా ఉంది నాయనా, రేపు చూద్దాం’’ అని కాఫీ ఇచ్చి పంపేసేది. మోకాలి కింద రెండు దిళ్లు. మూడువారాలకు వంగింది అరవై అయిదు.

ఈసారి ఫోను స్టట్‌గార్ట్ నుంచి వచ్చింది. గుంటూరులో పదకొండు గంటలు, అక్కడ ఏడున్నర. వీడియోలో ముందు దిళ్లు తీయించింది. మడమను పరుపుమీద వెనక్కి ఈడ్చమంది, పది లెక్కపెట్టింది. నొప్పి మాత్ర అరగంట ముందే వేయించమని కోడలికి చెప్పింది. మంచినీళ్ల చెంబు వంటింట్లోనే ఉంచమంది. అక్కడే కోడలికి మొహమాటం వచ్చింది. అత్తగారిని లేచి నీళ్లు తెచ్చుకోమంటే చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారు? ఆ నింద తనమీద వేసుకుంటానని అక్కయ్యకు చెల్లెలే మాటిచ్చింది.

నలభై రోజులూ ఆ ఫోను తప్పలేదు. అక్కయ్య తిట్టని రోజూ లేదు. ఫిజియో స్కేలు పెట్టి తొంభై అయిదన్న రోజున కూడా చెల్లెలితో ఆవిడ అన్నది ఒకటే... ‘‘నీకంటే ఆ జర్మనీవాళ్లే నయమే. వాళ్లు ఆదివారం సెలవన్నా ఇచ్చుంటారు.’’